కుడిచేయి

జొంగుల్దాక్‌లో ఏ పనికైనా మెట్లెక్కాలి.
బొగ్గు కింద, మనుషులు పైన.
ఈ థెరపీ కేంద్రం మూడో అంతస్తు.
లిఫ్టు తలుపుకి వేలాడుతున్న అట్ట
"మరమ్మతులో ఉంది" అంటోంది,
దాని అంచులు పసుపెక్కి చాన్నాళ్ళయింది.
లిఫ్టు ఉందా అని నా ఫారం అడిగింది.
ఉంది అని రాశాను.
నడుస్తోందా అని అడగలేదు.

తనిఖీకి వచ్చినదాన్ని.
బిడ్డకి నెలకి ఎనిమిది పాఠాలు,
పాఠానికి నలభై అయిదు నిమిషాలు,
పూటకింత అని ఖజానా లెక్క.
దొంగ హాజర్లు పెరిగాయని
రెండేళ్ళ కింద గుమ్మం పక్కన యంత్రం బిగించారు.
అరచేయి చాచి గాజు మీద పెడితే
లోపలి నరాల దారులు చూసి
పిల్ల వచ్చిందని రాజధానికి చెబుతుంది.
ఆకుపచ్చ వెలిగితే డబ్బు, ఎర్రది వెలిగితే లేదు.
ఇంతకంటే సులువైన ధర్మం నేను చూడలేదు.

నెహిర్‌కి ఆరేళ్ళు.
నది అని పేరు పెట్టిన నాన్న గనిలో రెండో షిఫ్టు.
పుట్టినప్పటినుంచి కుడి పిడికిలి మూసే ఉంది,
బొటనవేలు లోపల, నాలుగు వేళ్ళూ దానికి కాపలా.
మూడంతస్తులూ చంకనెత్తుకొచ్చిన హాజెర్
ఊపిరైనా తీసుకోకుండా
ఒక్కొక్క వేలూ విప్పడం మొదలుపెట్టింది,
తడిసి బిగుసుకున్న ముడి విప్పినట్టు.
చిటికెన వేలు వచ్చింది.
ఉంగరం వేలు వచ్చింది.
మధ్యవేలి దగ్గరికి చేరేసరికి
చిటికెన వేలు వెనక్కి పోయింది.
పిల్ల ఏడవలేదు. అలవాటు.
"ఎడమది పెట్టకూడదా?"
"నమోదైంది కుడిదే" అన్నాడు యజమాని,
వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.
ఇద్దరూ కలిసి గాజుకేసి అదిమారు.
ఆకుపచ్చ.

నా కోసం బొమ్మలు బయటికి తీశారు.
బంతి మీద ధర చీటీ ఇంకా ఊడలేదు.
నిన్నగాక మొన్న చేరిన కుర్రాడొకడు
ఎదురుగా కూచుని బంతి దొర్లించాడు,
రెండుసార్లు పిల్లని నూర్ అని పిలిచాడు.
గోడ మీద పట్టా ఉంది.
పట్టాలోని మనిషి లేదు.
పట్టా ఉందా అన్నదే ప్రశ్న.

దిగేటప్పుడు మెట్ల మలుపులో హాజెర్ అంది:
"నెలాఖరుకి ఒక సంచి ఇస్తారు మేడమ్,
నూనె, కందులు, పిల్లకి డైపర్లు.
రాసుకోకండి. మూతపడితే సంచీ పోతుంది."
రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగింది.
"రేవు దగ్గర ఐసున్ అని ఉండేది.
గోరువెచ్చని నీళ్ళలో చేయి ఉంచి
ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, చేపల ధరలు కూడా.
నలభయ్యో నిమిషానికి
పిడికిలి దానంతటదే విచ్చుకునేది.
యంత్రం మాత్రం మొదటి నిమిషంలోనే అడిగేది.
బలవంతాన విప్పనని ఆవిడ మొండికేసింది.
నెల తరవాత నెల, అన్నీ ఎర్రదీపాలే.
ఏడో నెలకి తాళం."

ఐసున్.
రేవు దగ్గర ఒంటిగది, కిటికీలో నీలం టబ్బు.
హాజరుకి రుజువు లేదు అని రాసింది నేనే.
దస్తూరీ బాగుంటుందని ఆఫీసులో నన్ను మెచ్చుకుంటారు.
హాజెర్‌కి ఈ సంగతి తెలియదు.
నేను చెప్పలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక
మెట్ల మీదే కూచుని ఫారం తెరిచాను.
చివర "ఇతర విషయాలు" అని రెండు గీతలుంటాయి.
పద్నాలుగేళ్ళుగా అక్కడ అడ్డగీత కొట్టి వదిలేశాను.
ఈసారి లిఫ్టుతో మొదలుపెట్టాను,
తరవాత బంతి, పట్టా, నూర్ అనే పేరు.
గీతలు చాల్లేదు. కాగితం వెనక్కి తిప్పాను.
ఐసున్ అని రాసి, పక్కన నా పేరు రాశాను.
కందుల దగ్గర పెన్ను ఆగింది.
ఆగే ఉంది.

కిందినుంచి ఇంకో తల్లి ఎక్కుతోంది,
వీపున ఇంకో బిడ్డ, పళ్ళ మధ్య బస్సు టికెట్టు.
దారివ్వడానికి
గోడకేసి ఒరిగాను.